నలభయ్యో స్పీడ్ బ్రేకర్

మొయినాబాద్, చేవెళ్ల మధ్యనున్న మా ఊళ్లో, అర కిలోమీటరు రోడ్డుపై నలభయ్యో స్పీడ్ బ్రేకర్‌ను సోమవారం ఘనంగా ప్రారంభించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కొబ్బరికాయను బ్రేకర్ మీదే కొట్టారు.

మొదటిది బడి ముందు, పిల్లల కోసం వేశారు. రెండోది సర్పంచ్ శ్రీశైలం ఇంటి ముందు, గౌరవం కోసం. మాజీ సర్పంచ్ తిరుపతికి గౌరవం ఏం తక్కువ? ఆయనకు రెండు వేశారు. తర్వాత వార్డు మెంబర్లు, వాళ్ల బావమరుదులు. ప్రతి అర్జీలోనూ ఒకటే మాట: "ఒక్కటి పెరిగితే ఏమైతది?" నిజమే, ఏమీ కాలేదు. బస్సులో కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు, నిలబడ్డవాళ్లు వాళ్ల సీట్లలో పడ్డారు.

చిక్కల్లా ముత్తమ్మతోనే వచ్చింది. ఆమె టమాటాలు ఆటోలో చేవెళ్ల మార్కెట్‌కు పోవాలి. ఇరవై బ్రేకర్లప్పుడు కాయలకు సొట్టలు పడ్డాయి. ముప్పైకి పగిలాయి. నలభయ్యోది వేసిన మర్నాడు డబ్బాలు దింపితే లోపల పచ్చడి ఉంది, ఉప్పూ కారమే తక్కువ. "అవ్వా, గరిటె తేలేదా?" అన్నాడు వ్యాపారి. ముత్తమ్మకు ఏడుపొచ్చింది. ఈ ఏడు ఆమె బతుకంతా ఆ పంట మీదే.

గ్రామసభలో నిలబడి అడిగింది: "జర ఒక్కటన్న తీసెయ్యుండ్రి బిడ్డా."

న్యాయమైన కోరికేనని అందరూ ఒప్పుకున్నారు. పక్కింటివాడి బ్రేకర్ తీసేయడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అప్పుడు కాలేజీ లెక్చరర్ జితేందర్ సారు లేచారు.

"సోదరులారా! ఇది కేవలం పరిమాణాత్మక మార్పు. నీళ్లు తొంభై తొమ్మిది డిగ్రీలకు కాగినా నీళ్లే. నూరో డిగ్రీకి ఆవిరైతే, అదీ గుణాత్మక మార్పు. మన రోడ్డు ఇంకా రోడ్డే!"

చప్పట్లు మోగాయి. ముత్తమ్మ కొంగు దోపింది.

"గట్లయితే ఆ నూరో డిగ్రీ గూడ కానియ్యుండ్రి సారూ. తియ్యకుంటే మానె, సందు ఉన్న కాడల్ల ఎయ్యుండ్రి. నా ఇంటి ముంగట, ఎంకయ్య ఇంటి ముంగట. ఎవ్వల ఇజ్జత్ తక్కువున్నది ఈడ?"

ఎవరిది తక్కువని ఎవరంటారు? తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు.

నాలుగు రోజుల్లో బ్రేకర్‌కు బ్రేకర్ అతుక్కుంది. అయిదో రోజు ఆటోలో కూర్చున్న ముత్తమ్మకు ఒక్క కుదుపు కూడా తగల్లేదు. రోడ్డు మళ్లీ చదునైపోయింది, కాకపోతే ఒక అడుగు ఎత్తున. టమాటాలు టమాటాలుగానే మార్కెట్ చేరాయి. ఊరంతా పండగ చేసుకున్నాం.

ఎనిమిదో రోజు ఒక టిప్పర్ బడి ముందు నుంచి ఎంత వేగంగా పోయిందంటే, జితేందర్ సారు బైకుతో సహా పక్కనున్న మురికి మోరీలో దిగారు. బయటికి తీశాక ఆయనే ప్రతిపాదించారు: బడి ముందు ఒక స్పీడ్ బ్రేకర్.

"పిల్లల కోసమంటే సరే," అంది ముత్తమ్మ. మా మొహాలు ఒక్కొక్కటిగా చూసింది. "ఒక్కటే గద?"

"ఒక్కటే అవ్వా!" అని ఊరంతా ఆమె చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాం. ఒట్టు వేయడానికి వీలుగా నా అర్జీని ఎడమ చేతిలోకి మార్చుకున్నాను.