తూనీగకు మూడు దరఖాస్తులు

దరఖాస్తులకు ఆ రోజే ఆఖరు. పన్నెండింటికి కాలేజీ కౌంటరు మూసేస్తారు. తూనీగ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి బయల్దేరి లైబ్రరీలో పుస్తకం తిరిగివ్వాలి. అక్కడే కూర్చుని డిగ్రీలో ఏ సబ్జెక్టు చదవాలో తేల్చుకోవాలి. పదకొండుకల్లా దరఖాస్తు ఇచ్చేసి భోజనానికి ఇంటికి రావాలి.

ఆ పిల్లకు ఇంట్లో ఆ పేరు ఊరికే పెట్టలేదు. నిరుడు గాజు ముక్కలు అరగదీసి దూరదర్శిని చేస్తానంది. వానలు పడగానే ఆకులు ఎండబెట్టి నోటు పుస్తకాల్లో అతికించింది. ఆ తర్వాత పాత నాణేలు, ఆ పైన చదరంగం. కొత్తది పట్టాక పాతది వదిలేసినా బాగుండేది. ఏదీ వదల్లేదు. అలాంటి పిల్లను ఒక్కటే ఎంచుకోమంటే, ఐదు వేళ్లలో ఏది ఉంచమంటావని అడిగినట్టే ఉంది.

పొద్దున కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మ, పళ్ల మధ్య గుండుసూదులతోనే అడిగింది. "ఏం రాస్తున్నావే చివరికి?"

తూనీగ అప్పుడు కిటికీలో మొలిచిన నిమ్మమొక్కకు నీళ్లు పోస్తోంది. "వృక్షశాస్త్రం అమ్మా. ఇది చూడు, రాత్రికి రాత్రి రెండాకులు వేసింది!"

వీధి చివర నాన్న గడియారాల దుకాణం. ఆయన ఒక చేతిగడియారం వీపు విప్పి కూర్చుని అదే మాట అడిగాడు. తూనీగ వంగి చూసింది. "లెక్కలే నాన్నా. ఇంత చిన్న చక్రానికి ఎన్ని పళ్లుండాలో లెక్కగట్టినవాడికి దణ్ణం పెట్టాలి."

ఆమె ఎక్కిన బస్సు నడిపేది మేనమామ. పాత వంతెన మీదికి రాగానే ఆయనా అడిగాడు. "చరిత్ర మావయ్యా. రోజూ ఈ వంతెన దాటతావు, ఎవరు కట్టారో తెలుసా? సిగ్గుగా లేదూ?"

ముగ్గురితోనూ నిజమే చెప్పింది, చెప్పిన ఆ నిమిషానికి.

ఇంట్లోవాళ్లకు ఆ నిమిషం విలువ తెలుసు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని అమ్మ చేతిలో కాలరు వదిలేసి కాలేజీకి పరుగెత్తింది. నాన్న షట్టరు సగం దించి వెళ్లాడు. మేనమామ డ్యూటీ దిగి యూనిఫాంతోనే వెళ్లాడు. పిల్ల రాకపోయినా దరఖాస్తు ఇవ్వడానికి సంరక్షకుల సంతకం చాలు. ముగ్గురూ వేర్వేరు వేళల్లో వెళ్లి, ఘనకార్యం చేసినట్టు ఎవరి దారిన వాళ్లు తిరిగొచ్చారు.

లైబ్రరీలో తూనీగ ఏదీ తేల్చుకోలేదు. సబ్జెక్టు గడి ఖాళీగా ఉన్న కాగితంతోనే పదకొండుంబావుకు కౌంటరు ముందు నిలబడింది, వరుసలో ఉండగా తట్టకపోతుందా అని.

గుమాస్తా చిరునామా చూసి కళ్లజోడు సర్దుకుంది. "ఈ ఇంటి నుంచి పొద్దుట్నుంచీ మూడొచ్చాయమ్మా. వృక్షశాస్త్రానికి ఒకటి, చరిత్రకు ఒకటి, ఇంకోటి దేనికో. మీ ఇంట్లో ఏమన్నా ఓట్లు వేసుకున్నారా?" అని గోడ మీది కాగితం చూపించింది. ఒకరి పేర ఒకటికి మించి దరఖాస్తులు వస్తే అన్నీ రద్దు.

తూనీగ ఆ కాగితం మళ్లీ చదివింది. ఏడాది పోతుంది. ఏదీ వదులుకోలేని పిల్లకు అన్నీ ఒక్కసారే పోతున్నాయి.

గుమాస్తా ఫోన్లు చేసింది. పదిహేను నిమిషాల్లో ముగ్గురూ ఊడిపడ్డారు.

"నాతో వృక్షశాస్త్రమంది!"

"నాతో లెక్కలంది."

"మీతో ఏమన్నా గానీ అక్కా, నాతో చరిత్రంది. బస్సులో అరవైమంది సాక్షులు!"

"అరవకండి," అని గుమాస్తా కట్టలు విప్పింది. ముందు మేనమామ కాగితం దొరికింది. "విద్యార్థి పేరు, తూనీగ. ఈ పేరుతో మార్కుల జాబితా ఉందా?"

మేనమామ అక్క చెవిలో గొణిగాడు. "దీని అసలు పేరేంటే?"

"పదిహేడేళ్లు ఎత్తుకుని తిరిగావు కదరా!"

"ఎత్తుకున్నప్పుడు పేరు అడగలేదుగా."

అలాంటి మనిషే లేదని తేల్చి గుమాస్తా దాన్ని చింపేసింది. రెండోది అమ్మది. "ఇందులో మీ పేరు, మీ పుట్టినరోజు రాశారేంటమ్మా?"

"దరఖాస్తుదారు పేరు అని ఉంది. పెట్టింది నేనేగా?"

"మార్కులు కూడా మీవేనా?"

"అడిగారు, రాశాను. వృక్షశాస్త్రంలో ఎనభై ఏడు." ఇరవై ఏళ్లుగా ఎవరూ అడగని మార్కులవి. ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది.

మూడోది నాన్నది. చీమతలంత అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. సబ్జెక్టు గడి మాత్రం ఖాళీ. పొద్దుటి రద్దీలో గుమాస్తా చూడకుండానే ముద్ర వేసేసింది.

"ఇదేంటండీ?" అంది అమ్మ.

"చక్రాన్ని చూస్తూ లెక్కలంది. చూడకుండా కూడా అంటుందో లేదో అడిగాక రాద్దామనుకున్నాను," అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

అంటే తూనీగ అసలు పేర ఉన్నది ఇదొక్కటే. గుమాస్తా ఆ కాగితం ముందుకు జరిపి కలం ఇచ్చింది. "ఎనిమిది నిమిషాలే ఉన్నాయి. ఒక్కటే గడి, ఒక్కటే మాట."

ముగ్గురూ ఆ గడి మీదికి వంగారు. తూనీగ కలం రెండుసార్లు ఆనించి తీసింది. మూడోసారి రాసేసింది. భూగోళశాస్త్రం.

"ఇదెక్కణ్ణుంచి వచ్చిందే?" అన్నాడు మేనమామ.

"ఇందులో మొక్కలున్నాయి, లెక్కలున్నాయి. ఆ వంతెన అక్కడే ఎందుకు కట్టారో కూడా ఉంటుంది మావయ్యా."

"చక్రాలు ఉండవేమో," అన్నాడు నాన్న.

"భూమి తిరుగుతుందిగా నాన్నా."

గుమాస్తా ఆ కాగితం కట్టలో పెట్టి అమ్మవైపు ఆమెది జరిపింది. "మీది వాపసు తీసుకోండి."

అమ్మ అందుకోబోయి ఆగింది. "దీనికి వయసు అడ్డమేమన్నా ఉందా?"

"లేదు."

"అయితే ఉండనివ్వండి," అంటూ కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టింది.

రెండు నెలలకు కాలేజీ నుంచి ఇంటికి మొదటి ఫిర్యాదు ఉత్తరం వచ్చింది, అమ్మ మీద. పాఠం జరుగుతుండగా పక్కవాళ్లతో కబుర్లు చెబుతోందట. సంరక్షకుల సంతకం తూనీగ పెట్టింది.