ఆరో పాటలో అరుపు

"మా పాటలు మేమే ఇంకా పాడలేదు. మీరెలా విన్నారు?"

ఇనుపవాన బృందం మేనేజరు ఈ మాట అడగడం ఇది మూడోసారి. అతని చేతిలో ఆ ఉదయపు పత్రిక నలిగి ముద్దయింది. పదకొండో పేజీలో, కొత్త ఆల్బమ్‌ల మీద తీర్పులిచ్చే శీర్షికలో, ఇనుపవాన వారి కొత్త ఆల్బమ్ పక్కన నాలుగున్నర స్టార్లు ధగధగలాడుతున్నాయి.

విమర్శకుడు కుర్చీ అంచున కూర్చున్నాడు. రాక్, పాప్ ఆల్బమ్‌లకు పన్నెండేళ్లుగా వారం వారం మార్కులు వేస్తున్న మనిషి. ఎంతటి ఆల్బమ్‌నైనా రెండున్నర దాటనివ్వడని ఆఫీసంతా అతన్ని 'రెండున్నర' అనే పిలుస్తుంది. అలాంటివాడు జీవితంలో మొదటిసారి ధారాళంగా చెయ్యి విదిల్చాడు. చెప్పుకు అతుకు వేయించుకుని, మధ్యాహ్నం దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోవాలని తప్ప ఈ శుక్రవారం అతనికి వేరే కోరికేమీ లేదు. ఎనిమిదింటికే ఫోను మోగింది.

"డిస్కు వచ్చింది సార్. మూడుసార్లు విన్నాను" అన్నాడు నీరసంగా.

"రికార్డింగే మూడు నెలలు వాయిదా పడింది! మేం పంపింది అట్ట మీద బొమ్మ ఉన్న ఖాళీ పెట్టె, దాంతో ఆ సంగతి చెప్పే ఒక ఉత్తరం. అంతే!"

బల్ల వెనక నుంచి సంపాదకురాలు కళ్లద్దాలు తీసింది. ఆవిడ కళ్లద్దాలు తీసిందంటే ఎవరికో మూడిందని అర్థం.

"ఆలు లేదు, చూలు లేదు, నాలుగున్నర స్టార్లు! ఏమయ్యా రెండున్నరా, ఏం విన్నావు నువ్వు?"

అదే అతనికీ తెలియడం లేదు. ఈలోగా ఊరు ఆగలేదు. తొమ్మిదింటికి క్యాసెట్లు, డిస్కుల దుకాణాల ముందు క్యూలు మొదలయ్యాయి. పదింటికి పోటీ పత్రిక విమర్శకుడు రేడియోలోకి వచ్చి, ఆ ఆల్బమ్ తను నెల క్రితమే విన్నాననీ, రెండో పాట కాస్త సాగదీశారనీ చెప్పాడు. ఇంకో ఆయన నాలుగున్నర చాలా తక్కువని కోప్పడ్డాడు. పదకొండింటికి అసలు నిప్పు అంటుకుంది. సమీక్షలో ఆడగొంతు అని ఉంది. ఇనుపవానలో ఆడవాళ్లెవరూ లేరు. గిటారు అతను తమకు తెలియకుండా వేరే గాయనితో రికార్డు చేసి ఉంటాడని డ్రమ్ములాయన అనుమానించాడు. గిటారు అతను అలిగి వ్యానులో కూర్చుని లోపల గడియ పెట్టుకున్నాడు.

"సాయంత్రానికి మా బృందం మిగులుతుందో లేదో!" అన్నాడు మేనేజరు.

సంపాదకురాలు సమీక్షను పైకి చదివింది.

"'తమరి లేఖ అందినది, విషయము పరిశీలనలో ఉన్నది అనే పల్లవితో ప్రేమ వైఫల్యాన్ని ఇంత చల్లగా ఇంతవరకు ఎవరూ పాడలేదు. ప్రతి చరణం చివర ఠింగుమనే ఆ చిన్న గంట ఏ దేశపు వాద్యమో గాని గుండెను పక్కకు జరుపుతుంది. అర స్టారు కోత ఆరో పాటకు. మధ్యలో ఎవడో తలుపు అవతల నుంచి అపశ్రుతిలో అరుస్తాడు. ఆ గొంతు సొంతదారు సంగీతానికి ఆమడ దూరంలో ఉండటం అందరికీ క్షేమం.'" ఆవిడ కాగితం కింద పెట్టింది. "నాలుగింటికల్లా ఆ డిస్కు నా బల్ల మీద ఉండాలి. లేదంటే వచ్చేవారం నుంచి నీ శీర్షిక ఉండదు. ఆ జాగాలో మొక్కల పెంపకం వేస్తాను."

పన్నెండేళ్ల శీర్షిక పోయి బెండ మొక్కలు మొలుస్తాయన్న ఊహ అతన్ని బస్సు దాకా పరుగెత్తించింది.

విమర్శకుడి పని తీరు వేరు. ఎవరి పాటో తెలిస్తే చెవి పక్షపాతం చూపిస్తుందని అతని నమ్మకం. అందుకే ఇంటికి వచ్చిన డిస్కులను అట్టల నుంచి తీసి, వాటి మీద అంకెలు అంటించి, ఏ అంకె ఎవరిదో చీటీ రాసి కవరులో పెట్టి మూసెయ్యడం భార్య పని. అతను విని, మార్కులు వేసి, ఆ తర్వాతే కవరు చింపేవాడు. ఇల్లు చేరి చూస్తే ట్రేలో ఒకటి, రెండు, మూడు, అయిదు ఉన్నాయి. నాలుగు లేదు. పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా పనిచేసే భార్యకు ఫోను చేశాడు.

"నాలుగో డిస్కు ఏది?"

"నాకేం తెలుసండీ? ఈ వారం మాకు ఊపిరాడలేదు. అంకెలు అంటించే పని అమ్మకి అప్పగించాను. ఉండండి, ఇక్కడొకాయన నోరు తెరుచుకుని నా కోసమే చూస్తున్నాడు" అని ఆవిడ పెట్టేసింది.

విమర్శకుడు ఫోను పెట్టేసి వెనక గది వైపు తిరిగాడు. అత్తగారు నాలుగేళ్లుగా వెనక గదిలో ఉంటోంది. సర్వే కార్యాలయంలో ముప్పైమూడేళ్లు టైపిస్టుగా చేసి, పదవీ విరమణ రోజు తన మిషను తనే కొనుక్కుని తెచ్చుకుంది. అది మొదలు ఇంట్లో ఉన్నంతసేపు అతని చెవుల్లో దూది, ఆల్బమ్‌లు వినే మంగళవారాలైతే దూది బదులు హెడ్‌ఫోన్లు. ఇవాళ కంగారులో దూది పెట్టుకోలేదు.

వెనక గదిలోంచి వినిపించింది. టకటక టకటక టక. ఠింగ్!

ఏ దేశపు వాద్యమో అతనికి తెలిసిపోయింది.

తలుపు తోశాడు. అత్తగారు మిషను ముందు నిటారుగా కూర్చుని ఉంది. పక్కన గోడకు ఆనించి ఒక గిటారు, రెండు డ్రమ్ములు.

"అత్తయ్యగారూ... అది మీరేనా?"

"నేనొక్కదాన్నే ఎక్కడ? మా మోకాళ్ల వ్యాయామం క్లాసులో ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఉన్నాడు, గిటారు ఆయనది. డ్రమ్ములు కళ్లద్దాల షాపాయనవి. మంగళవారాలు మీరు ముందు గదిలో చెవులకు అవి తగిలించుకుంటారుగా, మేం ఇక్కడ పాడుకుని రికార్డు చేసుకుంటాం."

"మరి నా డిస్కుల్లోకి ఎలా వచ్చింది?"

"పెట్టె ఖాళీగా వచ్చింది. ఖాళీ గడి కనిపిస్తే నింపకుండా వదలడం మా ఆఫీసులో అలవాటు లేదు, అల్లుడుగారూ."

"ఉత్తరం వచ్చిందటగా?"

"ఫైలు చేశాను. మీరు అడగలేదు." ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "మా పాట ఒక్కటి వినండని ఆరుసార్లు అడిగాను. ఆరుసార్లూ తర్వాత అన్నారు. చెప్పి ఇస్తే వినేవారు కాదు. అందుకని చెప్పకుండా ఇచ్చాను."

అతనికి సిగ్గేసింది. వెంటనే భయమూ వేసింది. "అత్తగారికి నాలుగున్నర ఇచ్చానని తెలిస్తే బంధుప్రీతి అంటారు. ఉన్న పరువు కాస్తా పోతుంది!"

"పోతే పోయింది. అక్కడెవరో పిల్లలు మన మూలాన కొట్టుకు చస్తున్నారంటున్నారు, రేడియోలో విన్నాను. పదండి. మిషను మీరు పట్టుకోండి, నా మోకాళ్లు మోయలేవు."

దూడంత బరువున్న టైపు మిషను చంకన పెట్టుకుని విమర్శకుడు సంపాదకురాలి గదిలోకి వచ్చేసరికి నాలుగుకు మూడు నిమిషాలు తక్కువ. మేనేజరు ఇనుపవాన ముగ్గురినీ పైకి పిలిపించాడు. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా మూడు గోడల వైపు తిరిగి నిలబడ్డారు. వెనకే వచ్చిన అత్తగారు, ట్రేలోంచి తను వెనక్కి తీసుకున్న డిస్కును సంచిలోంచి అందిస్తే, సంపాదకురాలు పెట్టింది.

మొదటి పాట అయ్యేసరికి ముగ్గురూ గోడలు వదిలి బల్ల చుట్టూ చేరారు. మూడో పాటకు గిటారు అతను కళ్లు తుడుచుకున్నాడు.

"చూశావుగా, ఇది నా వాయింపు కాదు. నాకింత రాదు" అన్నాడు డ్రమ్ములాయనతో.

"ఏమో అనుకున్నాన్రా, ఏమనుకోకు" అని డ్రమ్ములాయన అతని భుజం మీద చెయ్యేశాడు.

"ఇంతకీ పాడింది ఎవరు?" మేనేజరు విమర్శకుడి వైపు తిరిగాడు.

విమర్శకుడు నేల చూశాడు, కప్పు చూశాడు, మొక్కల పెంపకం గుర్తు తెచ్చుకున్నాడు. "మా అత్తగారు" అన్నాడు.

అతను కళ్లు మూసుకుని ఉద్యోగం పోయే చప్పుడు కోసం ఎదురుచూశాడు. వినిపించింది సంపాదకురాలి నవ్వు.

"ఒక మనిషి, తెలియక, సొంత అత్తగారికి నాలుగున్నర ఇచ్చాడు! ఇంతకంటే నిజాయితీగల చెవి ఎక్కడ దొరుకుతుందయ్యా? ఇదంతా ఉన్నదున్నట్టు రాయి. వచ్చేవారం మొదటి పేజీలో వేస్తాను."

మేనేజరు అప్పటికే అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, మా ఆల్బమ్‌లో మీరు, మీ మిషనూ ఒక పాట చెయ్యాలి. కాదనకండి."

"తమరి విన్నపం అందినది" అంది ఆవిడ హుందాగా. "విషయము పరిశీలనలో ఉన్నది. మా డ్రైవరుగారినీ, కళ్లద్దాలాయననూ కూడా పిలుస్తామంటే త్వరగా పరిశీలిస్తాను."

"ముగ్గురూ రండమ్మా!"

అంతలో ఆరో పాట మొదలైంది. గంట ఠింగుమంటోంది, గొంతు పైకి లేస్తోంది, అందరూ తలలూపుతున్నారు. సరిగ్గా అక్కడ, తలుపు అవతల నుంచి ఒక మగగొంతు గిన్నెల బీరువా బోర్లా పడ్డట్టు అరిచింది. "అబ్బబ్బ, ఆ చప్పుడు ఆపండి! ఇక్కడ మనుషులు సంగీతం వింటున్నారు!"

డ్రమ్ములాయన చెవులు మూసుకున్నాడు. "ఇంత మంచి పాటను పాడుచేసిన ఆ మహానుభావుడు ఎవరమ్మా?"

విమర్శకుడు టైపు మిషను వెనక్కి ఒదిగిపోయే ప్రయత్నం చేశాడు. అత్తగారు చీర కొంగు సర్దుకుని, అందరికీ వినపడేలా చెప్పింది.

"మా అల్లుడు."

తర్వాతి శుక్రవారం పత్రికలో ఆ అర స్టారు అత్తగారికి వాపసు చేశారు. అరుపుకు విడిగా సున్నా వేశారు.