ధనకోటి బుర్ర, మునిలక్ష్మి బట్టీ

“జయరామా, ఈ లోకంలో అసలైన బుర్రలు రెండే ఉండాయి. ఒకటి నాది. రెండోది యాడుందో ఇంకా వెతకతాండా,” అన్నాడు మా బావ ధనకోటి.

ఈ మాట అనింది తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో, వాళ్ళింటి పంచలో, పొద్దున ఏడు గంటలకి. అప్పటికింకా మనిషి పండ్లు తోముకోలేదు.

మా అక్క మునిలక్ష్మిని ఈయనకిచ్చి పదారేండ్లయింది. పెండ్లినాటికి రైల్వేలో పార్సిలు గుమాస్తా. 1954లో ఆ ఉద్యోగం వదిలేసి ఇంటి ముందర బోర్డు తగిలించినాడు. “డిటెక్టివ్ ధనకోటి, అపరాధ పరిశోధక శిఖామణి. హత్యలు, దోపిడీలు, అంతర్జాతీయ కుట్రలు విచారింపబడును.” తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి. రెండేండ్లయినా ఒక్క హత్య రాలేదు. మణవాళనగర్ జనానికి చంపుకునే అలవాటు లేదు, ఉన్నా ఈయన దగ్గరికొచ్చి చెప్పుకునే ఖర్మ లేదు. ఒకసారి పక్కింటి తులసమ్మ మేక తప్పిపోతే, ఐదు దినాలు పరిశోధించి, “మత్తుమందు పెట్టి మద్రాసుకి తరలించినారు” అని తేల్చినాడు. ఆ ఐదు దినాలూ మేక ఈయన పెరట్లోనే ఈయన మల్లెతీగ మేస్తా ఉండింది.

మరి ఇంట్లో పొయ్యెట్ల వెలుగుతాందో ఈ శిఖామణి ఎప్పుడూ పరిశోధించలేదు. చెప్తా వినండి. మా అక్క వాము అర్కు దించి అమ్ముతాది. అర్కంటే సారా గాదు స్వామీ, పసిబిడ్డలకి కడుపునొప్పొస్తే పోస్తారే, ఓమవాటర్, అది. వాము నానబెట్టి, కుండలో కాచి, ఆవిరి చల్లారి కారేదాన్ని బొట్టుబొట్టుగా పట్టుకోవాల. మా అవ్వ నేర్పిన పని. ఇన్నాళ్ళూ మట్టికుండతో వీధి వరకూ జరిగిపోయింది. ఈయన మటుకు ఆ కుండని రసం కుండ అనుకుంటాండాడు.

మూడు వారాల ముందర తిరువళ్ళూరు వైద్యుడు రత్నస్వామి అక్కని పిలిపించి, “వారానికి ముప్పై సీసాలు నాకియ్యమ్మా, ఏడాదంతా తీసుకుంటా. మొదటి ముప్పై ఈ నెలాఖరు శుక్రవారానికి రావాల. రాలేదనుకో, అరక్కోణంలో ఒకాయన అడగతానే ఉండాడు, ఆయనకి చెప్పేస్తా,” అన్నాడు. మద్యనిషేధం దినాలు గదా, బట్టీ అనే మాటకే జనం ఉలిక్కిపడతారు. అందుకని ఆయనే ఆఫీసుల చుట్టూ తిరిగి పర్మిట్ కాగితం ఇప్పించినాడు. ఇంక కావాల్సింది అర్కు దించే రాగి బట్టీ. అది కుదిరితే అక్క గట్టెక్కుతాది, లేకుంటే ఏడాదంతా కౌలుకిచ్చిన రవ్వంత చేని వడ్లు, బోర్డు మీది అక్షరాలు తిని బతకాల.

రాగి బట్టీలకి తిరుత్తణిలో ఏకాంబరం పెట్టింది పేరు. ఆయన రెండు చూపించినాడు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఇంక పట్టుకునింది మా అక్కకి పీడ. చిన్నది ఒంటిచేత్తో ఎత్తొచ్చు, వంటింటి పొయ్యి మీదే కూసుంటాది, సన్నసెగకే పలుకుతాది, ఘాటు పోదు. కానీ ముప్పై సీసాలు దించాలంటే వారమంతా దాని ముందరే కూసోవాల. పెద్దదయితే రెండు దినాల్లో పని ముగిస్తాది. కానీ నిండినప్పుడు ఎత్తి దించేదానికి ఇద్దరు కావాల, ఆవిరిని చల్లార్చే పైమూకుట్లో నీళ్ళు వేడెక్కినప్పుడల్లా బావి నుంచి బిందెలతో చన్నీళ్ళు మోయాల.

“రెండో మనిషి నాకు యాడుండాడురా?” అనేది అక్క. ఇంట్లో ఉన్న మనిషి ఆమె ఎంచేవాళ్ళలో లేడు.

బావకి ఒక్క ముక్క చెప్పలేదు. ఎందుకు చెప్తాది? ముందటేడు ఊరగాయలు పెట్టి అమ్మబోతే ఈయన ‘విషపరీక్ష’ అని ప్రతి జాడీలో వేలు పెట్టినాడు. జాడీలన్నీ బూజు పట్టిపోయినాయి. “శుక్రవారం దాకా ఆ మనిషి చెవిన పడకూడదు,” అని నా చేత ఒట్టేయించుకునింది.

ఇంకో సంగతి. పాత రాగి ఇస్తే ఏకాంబరం దాన్ని తూచి కొత్తదాని ధరలో తగ్గిస్తాడు. అక్క స్నానాలగదిలోని రాగి అండా, ఆమె పెండ్లికి మావాళ్ళు పెట్టింది, నా చేతికిచ్చింది. నేను సోమవారం దాన్ని గోనెలో చుట్టి రైలెక్కించి ఏకాంబరం అంగట్లో దించొచ్చినా.

మంగళవారం పొద్దున పిలుపొచ్చింది. ఆ బుర్రల ఉపన్యాసం అప్పటిదే.

“అండా పోయింది జయరామా!” అన్నాడు బావ, గొంతు తగ్గించి. “సామాన్యుడు దీన్ని దొంగతనం అంటాడు. ధనకోటి అనడు.”

“మరేమంటాడు బావా?”

“రాగి అండా ఎవడికి కావాల? సారా కాచేవాడికి! వాడు యాడుంటాడు? ముఠాలో! ముఠా యాడుంటాది? తిరుత్తణిలో! తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రం, తిరుత్తణి ఆంధ్ర. ఇది అంతర్జాతీయ కుట్ర.”

“ఆంధ్ర ఎప్పుడు విదేశమైంది బావా?”

“నీకు బుర్ర లేదు, నువ్వు మాట్లాడొద్దు. ముఠా నాయకురాలిని నేను మూడు వారాలుగా వెంబడిస్తాండా. ప్రతి మంగళవారం తిరువళ్ళూరులో రైలెక్కతాది. ఆకుపచ్చ చీర. తిరుత్తణిలో రాగిపాత్రల వీధిలోకి దూరతాది. మొగం ఒక్కసారి చూపలేదు. అన్నిసార్లూ వీపే. కానీ ఆ నడకుందే! అబ్బా! అది నాయకురాలి నడక!”

ఆ ఆకుపచ్చ చీర పోయిన దీపావళికి నేను తెచ్చిందే. ఈయన మూడు వారాలుగా వెంబడిస్తాండేది సొంత పెండ్లాన్ని!

ఎవరైనా నమ్ముతారా అని మీరడగొచ్చు. మా పక్క మొగోళ్ళని చూసుంటే నమ్ముతారు. పెండ్లికి పోనీ, గుడికి పోనీ, మొగుడు ముందర చేతులూపుకుంటా పోతాడు, పెండ్లాము పది అడుగులెనక సంచి మోసుకుంటా వస్తాది. పదారేండ్లలో మా బావ ఒక్క దినం ఆమె వెనక నడిస్తే గదా ఆమె వీపెట్లుంటాదో తెలిసేది. మొగం తెలుసు, కాఫీ అడిగేటప్పుడు చూస్తాడు కాబట్టి.

“అక్క యాడ బావా?” అని అడిగినా, చివరి అవకాశం ఇద్దామని.

“ఏదో గుడికి పోతానన్నట్టుంది. మంగళవారం మంగళవారం పోతాంది. దాని సంగతి నాకెందుకు, నేను కేసులో ఉంటే?”

ఇంక ఈ మనిషికి బుర్ర ఉందనేవాణ్ణి చెప్పుతో కొట్టాల. ఒట్టుంది కాబట్టి నోరు మూసుకోని వెంట బయల్దేరినా. ఈయన పోయి ఆ అంగట్లో రచ్చ చేసి బేరం చెడగొట్టకుండా ఆపాల గదా.

ఆ దినం వేషం కావడి భక్తుడిది. మెడలో రుద్రాక్షలు, బంకతో అంటించిన గడ్డం, నల్ల కండ్లద్దాలు, వీటి మీద నల్ల ఉన్ని కోటు. మే నెల ఎండ. అరక్కోణంలో బండి మారేలోపల బంక కరిగి గడ్డం ఒక చెవికి వేలాడతాంది. ఎదురుగా కూసోనున్న ముసిలామె దాన్ని కింద పడకముందే పట్టుకోని, “సామీ, మీ గడ్డం,” అని మర్యాదగా చేతికిచ్చింది.

“చూసినావా?” అన్నాడు బావ నా చెవిలో. “ఆమె ముఠా మనిషి.”

ఆకుపచ్చ చీర అదే బండిలో, ఆడవాళ్ళ పెట్టెలో ఉండాదని నాకు తెలుసు. తిరుత్తణిలో దిగి ముందర నడిచింది. ఈయన స్తంభానికీ స్తంభానికీ మధ్య దూకతా వెంబడించినాడు. వీధిలో పిల్లోళ్ళు పదిమంది ఈయన వెనక చేరి, వాళ్ళూ దూకతా వచ్చినారు.

రాగిపాత్రల వీధి మొగదల మాకు తంగరాజు ఎదురైనాడు. ఈయన తిరువళ్ళూరు పక్క మద్యనిషేధం కానిస్టేబులు. ఆ పొద్దే కొండ మీద మొక్కు తీర్చుకోని దిగినట్టుంది, నున్నటి గుండు, గుండుకి చందనం, చేతిలో పంచామృతం డబ్బా. బావ పోయి ఆయన చెయ్యి పట్టుకునేసినాడు.

“కానిస్టేబుల్! చట్టం నిన్ను పిలుస్తాంది!”

“ఎన్నా సార్ ఇదు, ఇదేంది! నేను లీవులో ఉండా. అదీగాక ఇది ఆంధ్ర. ఈడ నా మాట ఎవరు వింటారు? వదలండి సార్, పంచామృతం ఒలకతాంది.”

“సారా బట్టీ సార్! మా అండా ఎత్తుకుపోయినారు! రాగి బట్టీ! ముఠా మొత్తం!”

బట్టీ అనేసరికి తంగరాజు మొగం మారింది. లీవులో ఉన్నా పోలీసోడు పోలీసోడే. “సరి, చూపియ్యండి, చూసేసి పోతా,” అన్నాడు. అక్క దగ్గర కాగితముంది, నిజమే. కానీ పోలీసులు అంగట్లోకొస్తే ఏకాంబరం బెదిరిపోయి బట్టీ ఇయ్యనంటే? శుక్రవారం మూడు దినాల్లో ఉంది.

ఏకాంబరం అంగడి చిన్నది. పైన దూలానికి పాత పాత్రలు వరసగా వేలాడదీసి ఉండాయి. కింద అక్క, గుమ్మానికి వీపు పెట్టి కూసోనుంది. ఆమె ముందర చిన్న బట్టీ, పెద్ద బట్టీ. పెద్దదాని ముక్కుని చేత్తో నిమరతాంది గానీ, నోటితో మాత్రం వేరే మాట చెప్తాంది.

“చిన్నదే ఇచ్చేయన్నా. పెద్దది ఆశగానే ఉండాది. మోసే మనిషుంటే గదా.”

“చేతులు పైకెత్తు!” అని కేకేసినాడు మా బావ.

అంగట్లో అందరూ ఎత్తినారు, తంగరాజుతో సహా. ఆకుపచ్చ చీర మాత్రం ఎత్తలేదు, తిరగలేదు.

“ఓ మాయలాడీ! మూడు వారాలుగా డిటెక్టివ్ ధనకోటి డేగకండ్లు నిన్ను చూస్తానే ఉండాయి! నీ ఆట కట్టు! నువ్వెవరో నాకు తెలుసు!”

ఆమె తిరక్కుండానే అడిగింది. “పాలు కాచి పెట్టమని చెప్పినా. కాచినావా? పెరటి తలుపు గొళ్ళెమేసినావా?”

మా బావకి ఈ గొంతు తెలుసు. చానా బాగా తెలుసు. మనిషి రెండడుగులు వెనక్కేసినాడు. కోటు అంచు కాలికింద పడింది, తూలినాడు, పట్టుకునేదానికి పైనున్న తాడు దొరికింది. ఆ తాడుకే దూలం మీది పాత్రలన్నీ కట్టుండాయి. గంగాళాలు, చెంబులు, పళ్ళేలు దడదడమని ఈయన చుట్టూ రాలినాయి. అన్నిటికంటే పెద్దది తిన్నగా నెత్తి మీద బోర్లా పడి భుజాల దాకా దిగిపోయింది. అసలైన బుర్రల్లో ఒకటి కనపడకుండా పోయింది.

లోపల నుంచి గొంతు మోగింది. “జయరామా! నన్ను చీకటి గదిలో బంధించినారు!”

తంగరాజు దగ్గరికి పోయినాడు. పాత్ర అంచున చెక్కిన అరవం అక్షరాలని వేలు పెట్టి కూడబలుక్కుంటా చదివినాడు. “ముని... లక్ష్మి... ధన... కోటి. కల్యాణం. ఆవణి మాసం.” తలెత్తి నన్ను చూసినాడు. “సార్ పేరు ధనకోటి గదా? పోయిన అండా ఇదేనా?”

“అదే,” అన్నా నేను.

“అయితే దొరికినట్టే గదా!”

అంతే, కేసు ముగిసింది. రెండేండ్లలో మా బావ పట్టిన మొదటి పోయిన వస్తువు. దాన్ని కూడా నెత్తితో పట్టినాడు.

అక్క లేచి కొంగులో నుంచి పర్మిట్ కాగితం తీసి తంగరాజుకిచ్చింది. ఆయన చదివి, రెండు చేతులా తిరిగిచ్చి, “ఓమవాటరా! మా బిడ్డకి కూడా ఒక సీసా కావాలమ్మా, రాత్రంతా ఏడుస్తాంది,” అని పంచామృతం డబ్బా తీసుకోని పోయినాడు. ఏకాంబరం కత్తెరతో అండా మెడ కోసినాడు. ఎట్లయినా కరిగించాల్సిన రాగే కాబట్టి ఆయనకేమీ బాధ లేదు. బావ తల బయటికొచ్చింది, చెవులు ఎర్రగా కందిపోయి.

“నువ్వా?” అన్నాడు.

అప్పుడు తిరిగింది అక్క. కండ్లలో నీళ్ళుండాయి, గొంతులో మాత్రం లేవు.

“నేనే. పదారేండ్లుగా నీ వీపు చూసుకుంటా నడిచినా. లక్షమందిలో వదిలిపెట్టినా ఆ వీపు నీదని చెప్తా. మూడు వారాలు నా వెనకే వచ్చి నన్ను కనుక్కోలేకపోయినావే! సిగ్గు లేదా నీకు?”

మా బావ కోటు విప్పేసినాడు, కండ్లద్దాలు తీసేసినాడు, నేల చూస్తా నిలబడినాడు. నాకు ఈయన మీద జాలి పుట్టిందని చెప్పను. పుట్టలేదు. బాగా అయిందనుకున్నా.

అక్క ఆయన్ని నెత్తి నుంచి కాలి దాకా ఒకసారి చూసింది, సంతలో ఎద్దుని చూసినట్టు. భుజాలు చూసింది. చేతులు చూసింది. తర్వాత ఏకాంబరం పక్కకి తిరిగింది.

“పెద్దదే ఇయ్యన్నా. రెండో మనిషి దొరికినాడు.”

పెద్ద బట్టీని తిరుత్తణి స్టేషను దాకా, అరక్కోణంలో ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకోదానికి, తిరువళ్ళూరు నుంచి మణవాళనగర్ దాకా మా బావే మోసినాడు. బుధవారం, గురువారం బావి దగ్గర నుంచి ఎన్ని బిందెలు మోసినాడో ఆయన నడుముకే తెలుసు. ఆవిరి బయటికి పోకుండా బట్టీ మూతకి ఉద్దిపిండి మెత్తేది కూడా నేర్చుకున్నాడు. ఒకసారి మాత్రం ‘విషపరీక్ష’ అని కారే అర్కు కింద వేలు పెట్టి, కాలి, ఎగిరి దూకినాడు.

శుక్రవారం పొద్దున ముప్పై సీసాలూ గంపలో పెట్టుకోని వైద్యుడు రత్నస్వామి ఇంటికి బయల్దేరినాం. అక్క ముందర నడుస్తాంది, చేతులూపుకుంటా. గంప నెత్తిన పెట్టుకోని బావ పది అడుగులెనక. ఆయన పక్కన నేను. తులసమ్మ గడపలో నిలబడి నోరు తెరుచుకోని చూసింది.

బావ ముందర పోతాండే ఆకుపచ్చ చీరనే చూస్తా నడిచినాడు. చివరికి మెల్లిగా అన్నాడు:

“ఏమయినా చెప్పు జయరామా. అది నాయకురాలి నడకని నేను మొదట్లోనే కనిపెట్టినా.”

రెండేండ్ల పరిశోధనలో ఆయన నిజం చెప్పింది ఆ ఒక్కసారే. అది కూడా, మొదట మంగళవారం పొద్దున అన్నప్పుడు, ఎవరి గురించి చెప్తాండాడో తెలీకుండానే చెప్పినాడు.

“గంప వంకర పోతాంది, చూసుకో,” అనింది అక్క, వెనక్కి తిరక్కుండానే.