మూడో కోటింగు

ఆదివారం లోపల జరగవలసిన పనులు: షామియానా వేయించాలి. ఆవులప్ప తలకు మైసూరు పేటా తెప్పించాలి. ఆయన నిలువెత్తు ఫ్లెక్సీలు మూడు చోట్ల కట్టించాలి. డ్రోన్‌కు పర్మిషన్ తీసుకోవాలి. వార్డులో వాంతులు, విరేచనాలు ఆపించాలి.

మొదటి నాలుగూ కార్యకర్తలు పంచుకున్నారు. ఐదోది హెల్త్ ఆఫీసులో రోగాల మూలం వెతికే ఎపిడెమియాలజిస్టుగా కొత్తగా చేరిన నళినికి వచ్చింది.

ఆ ఆదివారం బళేపేటలో ‘మాతృశ్రీ ఉచిత మంచినీళ్ల కేంద్రం’ మొదటి వార్షికోత్సవం. ఎలక్షన్లు జరగక ఏళ్ల తరబడి మాజీ కార్పొరేటర్‌గానే ఉండిపోయినా, ప్రజాసేవలో ఏనాడూ మాజీ కాని మహానుభావుడు ఆవులప్ప తన తల్లి పేరిట కట్టించిన కేంద్రమది. ఆ రోజు వార్డు వార్డంతా వచ్చి, అక్కడి నీళ్లు తాగి, ఆయన్ను దీవించాలని ఏర్పాటు.

నళిని పని మొదలుపెట్టింది. జబ్బు ఎవరికి వచ్చింది, ఎక్కడ, ఎప్పటినుంచి అని సందు సందూ తిరిగి అడిగింది. ఆ తర్వాత జబ్బు రానివాళ్లనూ అడగసాగింది. ఈ సంగతి చెవిన పడగానే ఆవులప్ప ఆమెను పిలిపించాడు.

“బాగుండేవాళ్లని అడిగేది ఎందుకమ్మా? వాళ్లకేం రోగం?”

“జబ్బు పడినవాళ్లనీ పడనివాళ్లనీ పోల్చి చూస్తేనే కారణం దొరికేది సార్.”

“అట్లయితే మా ఇల్లు రాసుకో. ఒక్కరికీ ఏమీ కాలేదు.”

“మీ ఇంట్లో తాగేది ఏ నీళ్లు సార్?”

“క్యాన్ నీళ్లు. ఎందుకు?”

నళిని రాసుకుంది. గాజుల అంగడి భాగీరథమ్మ మాత్రం మంచం దిగకుండానే జవాబిచ్చింది. “దినామూ ఆవులప్ప నీళ్లే రెండు బిందెలు తెచ్చుకుంటానమ్మా. ఫ్రీ కదా. ఇప్పుడు బాత్‌రూమ్‌కి పోయేదీ ఫ్రీనే, వచ్చేదీ ఫ్రీనే.”

బుధవారానికి మ్యాపు తయారైంది. జబ్బు పడిన ప్రతి ఇంటికీ ఒక ఎర్రచుక్క. చుక్కలన్నీ మంచినీళ్ల కేంద్రం చుట్టూనే మూగాయి. ఆదివారం వార్డంతా ఆ నీళ్లు తాగితే ఆస్పత్రిలో మంచాలు చాలవని నళిని లెక్క వేసింది. మ్యాపు పట్టుకెళ్లి ఆవులప్ప ముందు పరిచింది.

ఆయన చాలాసేపు చూశాడు. కళ్లు చెమ్మగిల్లాయి.

“ఇంతమందికి అందినాయా, మా అమ్మ నీళ్లు!”

“సార్, ఈ చుక్కలు రోగులు.”

“లబ్ధిదారులమ్మా! ఈ కవరేజీ ఏ స్కీముకైనా ఉండాదా?”

“కింద డ్రైనేజీ పైపు పగిలి తాగేనీళ్లలో కలుస్తాంది సార్. కొళాయిలు మూసి, రోడ్డు తవ్వాల.”

“తవ్వితే జనం ఏమనుకుంటారు? పైపు పగిలిందనుకోరా?”

మ్యాపును నాలుగో ఫ్లెక్సీగా వేయించమని ఆజ్ఞ అయింది. దాని పక్కన కేంద్రం వెలవెలబోకూడదు గనక, గోడకు నీలం రంగు కొట్టమని పెయింటరు లింగన్నకు కబురు వెళ్లింది.

లింగన్న వచ్చి, రంగు పడకుండా కొళాయిలు విప్పి, గొట్టాల్లో గుడ్డలు కుక్కాడు. జనం గొణుక్కుంటూ పక్కవీధి బోరుకు వెళ్లారు. శుక్రవారానికి కొత్త కేసులు సగమయ్యాయి. శనివారం ఒక్కటీ రాలేదు.

నళిని పరుగున వెళ్లేసరికి లింగన్న పానా చేతపట్టి కొళాయి బిగించబోతున్నాడు.

“అయిపోయిందా అన్నా?”

“రెండు కోటింగులు పడినాయి మేడం.”

“మూడోది వేస్తే?”

“గోడకి అక్కర్లేదు.”

“బళేపేటకి కావాల.”

లింగన్న ఆమె మొహంలోకి చూశాడు. పానా కింద పెట్టి డబ్బా మూత తీశాడు. “ఈ నీలం యాపారం తొందరగా ఆరేది కాదులే మేడం” అన్నాడు.

ఆదివారం సభ దివ్యంగా జరిగింది. వార్డులో కొత్త కేసులు సున్నా అని నళిని చేతనే మైకులో చదివించారు. “నా నీళ్ల మహిమ!” అన్నాడు ఆవులప్ప. ఆయనకు ‘జలరత్న’ బిరుదిచ్చారు. ఇక తాగుదామంటే గోడ తడి, కొళాయి లేదు. అందరికీ సీలు వేసిన బాటిళ్లు పంచి, వాటినే పైకెత్తించి మాతృశ్రీ నీళ్లకు జేజేలు పలికించారు.

సోమవారం కేంద్రం తెరిచి తీరాలని హుకుం. పొద్దున్నే లింగన్న గోడ మీద వేలు పెట్టి చూసి, “ఇంకా తడిగానే ఉండాదప్పా” అని పెదవి విరిచాడు. ప్రస్తుతం నాలుగో కోటింగు నడుస్తోంది.

మీరు బళేపేట వైపు వెళ్తే ఆ నీలిగోడను ముట్టకండి. ఎక్కడున్నా సరే, మంచినీళ్లు తాగేటప్పుడు లింగన్నను ఒక్కసారి తలుచుకోండి. ఆయన చెయ్యి ఇంకాస్త నెమ్మదించాలని మనసారా దీవించండి.