ఎర్ర పట్టీ వేసిన డేటాబేసు

ఆ రోజు పొద్దున డేటా అక్క అనుకున్నది చాలా చిన్న పని. డేటాబేసును బొమ్మల్లో చూపించే టూలు ఒకటి ఎంచి, ఆఫీసులో వాళ్లకు నచ్చిందనిపించి, సాయంత్రానికి సెలవు సంపాదించి, రాత్రి బండికి భర్తతో, కూతురితో సముద్రానికి వెళ్లిపోవడం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆమె ఎప్పుడు సెలవడిగినా యజమానిది ఒకటే మాట. "నువ్వెళ్తే ఆ నల్ల తెర ఎవరు చూస్తారమ్మా?"

అది ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవేసే సంస్థ. ఎవరి సామాను, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ లారీలో వెళ్లాలో అంతా డేటాబేసులో ఉంటుంది. దాని నుంచి ఏ వివరం రాబట్టాలన్నా నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయాలి. ఆ విద్య ఆఫీసు మొత్తంలో ఆమె ఒక్కదానికే వచ్చు. మొదట్లో గొప్పగానే అనిపించింది గానీ, పోను పోను మెడకు చుట్టుకుంది. చివరికి యజమాని మెత్తబడి, మౌసుతో నొక్కితే పనయ్యే టూలేదో పెట్టి, తనకూ, లారీలనూ కూలీలనూ చూసుకునే మేస్త్రీకీ నేర్పి వెళ్లమన్నారు. నేర్పితేనే సెలవు.

ఆమె మూడు టూళ్లు తెచ్చి చూసింది. మొదటిది తెరుచుకునేలోపు ఒక కునుకు తీయొచ్చు. రెండో దాని నిండా బొత్తాలే, అందులో తనే దారి తప్పింది. మూడోది మాత్రం చూడగానే మనసుకు పట్టింది. గడిలో నొక్కి రాస్తే చాలు, మారిపోతుంది. పైగా ఒక్కో డేటాబేసుకు ఒక్కో రంగు పట్టీ వేసుకోవచ్చు. అసలు డేటాబేసుకు ఎర్ర పట్టీ వేసింది. నేర్చుకోవడానికి చేసిన నకలుకు ఆకుపచ్చ పట్టీ వేసింది. పేర్లు కూడా పెడదామనుకుని, పేర్లెవరు చదువుతారులే, రంగైతే పసిపిల్లలకైనా తెలుస్తుందని మానేసింది.

"రంగులు ఎందుకు వేశానో వేరే చెప్పక్కర్లేదుగా?" అని అడిగింది.

"అక్కర్లేదు," అన్నారు యజమాని, మేస్త్రీ ఒకేసారి. ఆ జవాబుతో ఆమెకు సగం సముద్రం కనిపించింది. ఇద్దరినీ టూలు ముందు కూర్చోబెట్టి, కూతురికి చెప్పులు కొనడానికి బజారుకు వెళ్లింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ సంస్థలో పెట్టెలకు రంగు చీటీలు అంటిస్తారు. ఆకుపచ్చ చీటీ ఉందంటే లోపల గాజు సామాను. దానికి ఆమడ దూరంలో ఉండాలి. ఎర్ర చీటీ ఉందంటే దిళ్లు, దుప్పట్లు, పాత బట్టలు. విసిరినా, మీదెక్కి కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఎప్పుడో ఎర్ర చీటీలు కట్టలు కట్టలు మిగిలిపోతే మొదలైన అలవాటది. మేస్త్రీకి అది రక్తంలో ఇంకిపోయింది. యజమాని కూడా ఒకప్పుడు భుజాన పెట్టెలు మోసినవారే. మేడ మీద గదిలో కూర్చునే అక్క మాత్రం జన్మలో ఒక్క పెట్టె ఎత్తిన పాపాన పోలేదు.

కాబట్టి యజమాని ఆకుపచ్చదాని జోలికి పోకుండా, నిశ్చింతగా ఎర్రదాన్ని తెరిచారు. ఏదో ఒకటి రాసి చూడాలి కదా అని 'ఎక్కడికి' అన్న గడిలో తన ఇంటి చిరునామా రాశారు. పక్కనున్న ఫోను గడిలో ఇంటి నంబరు రాశారు. గడి మూల పట్టుకుని కిందికి లాగితే వరసంతా అదే నిండిపోతుందని కనిపెట్టి, చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. ఆ రోజు బయల్దేరాల్సిన లారీలన్నీ ఆయన ఇంటికే వెళ్లేలా తయారైంది. మార్పులు ఉంచమంటారా అని టూలు అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదనడం ఆయనకు చేతకాదు.

తర్వాత మేస్త్రీ కూర్చున్నాడు. లారీలన్నీ యజమాని ఇంటికి వెళ్తున్నట్టు ఉండటం చూసి నొసలు చిట్లించాడు. ఆ ఇంట్లో ఇప్పటికే కాలు పెట్టే చోటు లేదు. అంత సామాను అక్కడికి ఎలా పోతుంది, అక్కడి నుంచే బయటికి పోవాలి. అక్క కంగారులో శీర్షికలు తారుమారు చేసి ఉంటుంది. నేర్చుకునే లెక్కే అయినా, తప్పు కళ్లబడితే దిద్దకుండా ఊరుకునే మనిషి కాదు మేస్త్రీ. 'ఎక్కడి నుంచి' ఉన్నచోట 'ఎక్కడికి', 'ఎక్కడికి' ఉన్నచోట 'ఎక్కడి నుంచి' రాసి, తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. కాసేపటికి, రోజూ వెళ్లినట్టే, చిరునామాలు వాటంతటవే డ్రైవర్ల ఫోన్లకు వెళ్లాయి. చిరునామా వచ్చాక ప్రశ్నలు వేసే అలవాటు డ్రైవర్లకు లేదు.

అక్క చెప్పుల పెట్టెతో ఆఫీసు మెట్లెక్కుతుండగా ఒక డ్రైవరు ఫోను చేశాడు.

"అక్కా, సార్ ఇంట్లో మంచాలు ఎక్కించేశాం. బీరువా మా వెనకొచ్చిన లారీకి ఇచ్చేయనా?"

"ఏ సారు?"

"మన సారే. మేడం దగ్గరుండి మరీ ఎక్కిస్తున్నారు."

ఆమె పరుగున వెళ్లి తెర చూసింది. తన సెలవుకు తానే నీళ్లు వదులుకున్నట్టయిందని ఏడుపొచ్చింది. ఇద్దరినీ పిలిచి, ముట్టుకోవద్దనే కదా ఎర్ర పట్టీ వేశానని అడిగింది.

"ఎర్రది కాకపోతే ఏది ముట్టుకుంటాం అక్కా?" అన్నాడు మేస్త్రీ, నిజంగానే అర్థం కాక. "ఆకుపచ్చదాని మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. ఒట్టు."

అక్క నల్ల తెర ముందు కూర్చుని టకటకా నాలుగు ఆదేశాలు కొట్టింది. ముందురోజు దాచిన నకలు నుంచి డేటాబేసు ఉన్నది ఉన్నట్టు తిరిగొచ్చింది. సామానుకు మాత్రం నకలుండదు. తమ సామాను కట్టుకుని లారీ కోసం ఎదురు చూస్తున్నవాళ్లకు, అప్పటికే ఒకరికి యజమాని సోఫా చేరింది, ఒకరికి ఫ్రిజ్ చేరింది. ఒక ముసలాయన ఫోను చేసి, పంపిన పడక కుర్చీ నడుముకు భలే హాయిగా ఉందని, ఎవరు పంపారో గానీ వాళ్లు చల్లగా ఉండాలని దీవించాడు. యజమాని మేస్త్రీని లారీల వెంట తరిమి, అక్కను వెంటబెట్టుకుని ఇంటికి పరుగెత్తారు. దారిలో ఆయన పళ్లు కొరకడం ఆమెకు స్పష్టంగా వినిపించింది.

ఇల్లు బోసిగా ఉంది. మాట్లాడితే గదులు తిరిగి మాట్లాడుతున్నాయి. హాలు నడుమ, నేల మీద, యజమాని భార్య కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఈ పాత చెత్త మార్చండని ఏళ్ల తరబడి మొత్తుకున్నాను," అంది భర్తతో. "చెవిన పడలేదనుకున్నాను. సామాను తీసుకెళ్లడానికి వస్తున్నామని లారీవాళ్లు ఫోను చేస్తే ముందు నమ్మలేదండీ." కొంగుతో కళ్లు తుడుచుకుంది.

యజమాని నోరు తెరిచారు. అంతలో మేస్త్రీ నుంచి ఫోను. సోఫా దొరికిందని, వెనక్కి తెచ్చేస్తున్నానని అరుస్తున్నాడు.

యజమాని తన భార్య ముఖం చూశారు. "వద్దు," అన్నారు నీరసంగా. "ఉంచేసుకోమను. అన్నీ ఉంచేసుకోమను. నువ్వు వాళ్ల వాళ్ల సామాను చేరవేయించు."

కొత్త సామాను ఎప్పుడొస్తుందని భార్య అడిగింది. వారంలో వస్తుందన్నారు. ఎక్కడి నుంచి వస్తుందో ఆయనకే తెలియదు. ఇంత మంచి ఆలోచన ఎవరిదని ఆమె అడిగితే, ఏం చెప్పాలో తోచక అక్కవైపు చెయ్యి చూపించారు. ఆవిడ లేచి వచ్చి అక్కను కావలించుకుంది.

"నీకేం కావాలో అడుగు తల్లీ."

"సెలవు కావాలి మేడం," అంది అక్క, ఉన్న ధైర్యమంతా కూడదీసుకుని. "ఇవాళ రాత్రి బండికి మేం సముద్రానికి వెళ్లాలి."

ఆవిడ భర్తవైపు చూసింది.

"ఇచ్చేశాను," అన్నారు యజమాని వెంటనే.

అక్కకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఎక్కడ దిగుతున్నారు, గదులు బాగుంటాయా, అలల చప్పుడు వినిపిస్తుందా అని ఆవిడ అడుగుతుంటే ఉత్సాహంగా అన్నీ చెప్పేసింది. అంతా విని, ఆవిడ ఖాళీ గదులను ఒకసారి కలయజూసింది.

"వారం దాకా మాకు పడుకోవడానికి మంచం కూడా లేదు," అంది. "మేమూ వస్తాం."

యజమాని ఆలోచించారు. వెళ్లడమే మంచిదన్నారు. ల్యాప్‌టాప్ కూడా తెస్తానని, ఆ టూలు సంగతేదో అక్క పక్కనే ఉండగా తాపీగా నేర్చుకుంటానని అన్నారు.

వారం తర్వాత అక్క ఆఫీసుకు రాగానే, సముద్రం ఎలా ఉందని మేస్త్రీ అడిగాడు.

"చాలా బాగుందని మా ఆయన చెప్పారు," అంది.