కాశయ్య బిందె

ఆ ఉదయం కాశయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పెళ్లాం బయటికి వెళ్లగానే పందెంకోడిని చంకన పెట్టుకుని బాసగూడ సంతకు జారుకోవాలి. పొద్దు వాలకముందే వచ్చి, ఏమీ ఎరగనట్టు అరుగు మీద కూర్చోవాలి. ఇంతకన్నా నిరపాయమైన ఆలోచన ఆయన బుర్రలో ఈమధ్య పుట్టలేదు.

పెళ్లాం బుల్లమ్మ సామాన్యురాలు కాదు, ఊరి జల్ సమితికి అధ్యక్షురాలు. సోలార్ ట్యాంకు తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతుంది. నల్లా నీళ్లు మంచివో కావో చూడటానికి సర్కారు వాళ్లు అడుగున మందు పట్టించిన చిన్న సీసాలు ఇచ్చారు. గీతదాకా నల్లా నీళ్లు నింపి ఒకట్రెండు రోజులు ఉంచాలి. నల్లబడితే ఆ నీళ్లు తాగకూడదు. అలా నింపిన సీసా ఒకటి ముందురోజు నుంచి అలమారలో ఉంది. "దాన్ని ముట్టినవంటే నీకూ నాకూ పడదు," అని మొగుడికి గట్టిగా చెప్పి మరీ వెళ్లింది.

కోడికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. చంకలోకి రానని రెక్కలు కొట్టుకుంటూ నేరుగా అలమార మీదికి ఎగిరింది. సీసా దొర్లి కిందపడింది. మూత ఊడి సగం నీళ్లు నేలపాలయ్యాయి.

కాశయ్య ముందు కోడిని తిట్టాడు. కాసేపటికి తెలివి వచ్చింది. అసలు చిక్కంతా ఆ తెలివితోనే వచ్చింది. ఆ నీళ్లు నల్లావే, ఇంట్లో బిందెలో ఉన్నవీ నల్లావే. కోడిని కిందికి దింపిన చేత్తోనే బిందెలో గ్లాసు ముంచి, సీసాను గీతదాకా నింపి, మూత బిగించి ఉన్నచోటే పెట్టేశాడు. ఆ రోజు సంతలో కోడి ఓడిపోయింది కానీ, అది వేరే బాధ.

మర్నాడు తెల్లారేసరికి సీసాలో నీళ్లు కాటుకలా ఉన్నాయి. బుల్లమ్మ గోడకు చేరగిలబడిపోయింది. "నిన్నటిదాంక ఊరి పిల్లలకు ఇవే గద తాగిపిచ్చినం," అంది. ఆ వెంటనే లేచి వెళ్లి నల్లాలు బందు చేసి, ట్యాంకు కాలి మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేసింది.

ఆ ఊళ్లో ఒక నియమం ఉంది. వెనకటికి బోరింగు చెడిపోయినప్పుడు మగవాళ్లు బీడీలు కాలుస్తూ దాన్ని బాగుచేసే సంగతి మాట్లాడుకుంటూనే ఉన్నారు, ఆడవాళ్లు ఎండాకాలమంతా వాగు చెలమలోంచి నీళ్లు మోస్తూనే ఉన్నారు. అందుకని సమితి పెట్టినప్పుడే తీర్మానం చేయించారు. నల్లా బందైతే, బాగయ్యేదాకా నీళ్లు మగవాళ్లే మోయాలి. కొత్త ట్యాంకు ఎందుకు చెడుతుందిలెమ్మని మగవాళ్లంతా నవ్వుతూ చెయ్యెత్తారు. కాశయ్య ఉత్సాహంగా రెండు చేతులూ ఎత్తాడు.

అధ్యక్షురాలి మొగుడు కాబట్టి ముందు ఆయనే కావడి ఎత్తుకోవాల్సి వచ్చింది. చెలమలో నీరు ఊరేదాకా కూర్చోవాలి, తోడాలి, మళ్లీ కూర్చోవాలి. సాయంత్రానికి భుజం తోలు లేచింది.

"ఆ సీసల్నే ఏమన్న తేడా ఉందేమోనే," అన్నాడు మెల్లగా.

"సీసకేం తేడా? ఎవరన్న ముడితే గద తేడా వచ్చేది. ఇంట్ల నువ్వు, నేనేనాయె."

కాశయ్య అక్కరలేకపోయినా ఇంకో కావడికి బయల్దేరాడు.

ఈలోగా పాత బోరింగు పెత్తందారు సీతయ్య, ట్యాంకులో ఉడత చచ్చిందని ఒకరితో అన్నాడు. ఊరు తిరిగి వచ్చేసరికి ఆ ఉడత కొండముచ్చు అయింది. కుర్రాళ్లు ఎక్కి ట్యాంకంతా ఖాళీ చేశారు. కొండముచ్చు దొరకలేదు. ఆ నీళ్లు పల్లం చూసుకుని కాశయ్య వాకిట్లోకే వచ్చాయి. ఎండబోసిన ఇప్పపువ్వంతా తేలుతూ వెళ్లిపోయింది. అడ్డం పడి అరవలేక, ఆయన చేట పట్టుకుని పువ్వు వెంట పరిగెత్తాడు.

మర్నాడు సీతయ్య ఊరంతటినీ ట్యాంకు దగ్గరికి పిలిచాడు. "ఆడోళ్ల చేతుల తాళం పెడితే ఇట్లనే అయితది. పాత లెక్కనే నాకియ్యుండ్రి, నేన్ జూసుకుంట."

ఏ మీటింగులోనైనా పదిమందికి జవాబు చెప్పగల బుల్లమ్మ ఆ రోజు నడుమున ఉన్న తాళంచెవి విప్పసాగింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కాశయ్య పెళ్లాం తిట్లకు భయపడ్డాడు గానీ, ఇది చూడాల్సి వస్తుందని అనుకోలేదు.

"తాళం ఇప్పకు," అన్నాడు. "ఆ సీస నా కోడి పడేసింది. నీళ్లు మళ్ల నేనే పోసిన."

అందరూ తిరిగి చూశారు. ముందుగా తేరుకున్నది సమితిలోని సోమి. "ఏ నీళ్లు పోసినవ్ బావా?"

"ఇంట్ల బిందెలయే. అవి గూడ నల్లావే గద."

"దేనితోని ముంచినవ్?"

"గిలాసతోని. ఎప్పుడు ముంచినట్టే."

బుల్లమ్మ మొహంలో ఉన్న దిగులు ఒక్కసారిగా ఎగిరిపోయి, దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. బిందెలో చెయ్యి పెట్టొద్దు, పొడుగు కాడ గరిటెతోనే తియ్యండని ఏడాదిగా ఇల్లిల్లూ తిరిగి చెప్పింది ఆమే. సొంత ఇంట్లో ఆ గరిటె మేకుకే వేలాడుతోంది, కొన్ననాటి మెరుపు పోకుండా.

ట్యాంకు నింపి మళ్లీ రెండు సీసాలు పెట్టారు, కోళ్లు లేని సోమి ఇంట్లో. నల్లా నీళ్ల సీసా రంగు మారలేదు. కాశయ్య బిందె సీసా మాత్రం మొదటిసారి కన్నా నల్లగా తిరిగింది. నల్లాలు తిప్పగానే ఊరంతా హమ్మయ్య అనుకుంది. అందరికన్నా ముందు బకెట్ పెట్టినవాడు సీతయ్య. బుల్లమ్మ తాళంచెవి నడుముకు బిగించి ముడివేసుకుని, చాలా రోజుల తర్వాత కడుపారా నవ్వింది. ఆ నవ్వు చూసి కాశయ్యకు భుజం నొప్పి సగం తగ్గింది.

ఆ సాయంత్రం సమితి వాళ్లు ట్యాంకు మీది ఎర్ర గుర్తు తుడిచేసి, మిగిలిన రంగుతో కాశయ్య బిందె మీద వేశారు. ఆ బిందెకు కూడా నియమం వర్తిస్తుందని, అది బాగయ్యేదాకా ఆ ఇంటికి నీళ్లు మగవాళ్లే మోయాలని తీర్మానించారు. కోడిని పక్కనపెడితే, ఆ ఇంట్లో మగవాడు ఒక్కడే.