పెర్సిస్ పుట్టినరోజు పీకల సమరము

ఉత్తరమున పెదవేగి పామాయిలు తోటలు పచ్చని గొడుగులు పట్టగా, దక్షిణమున కొల్లేటి గాలి చేపల వాసనను వింజామరవలె వీచగా, నడుమ కాలువల వడ్డాణము ధరించి కొలువుదీరిన ఏలూరు పురవరమున, క్రీస్తు శకము రెండువేల ఐదవ సంవత్సరమున, వానలు మొదలై దోమలు ఇంకను పూర్ణయౌవనమునకు రాని ఆషాఢమాసమున, ఒక మహాసంగ్రామము సంభవించెను. అది రాజ్యము కొరకు కాదు, పొలముగట్టు కొరకు కాదు. పుట్టినరోజు పండుగకు వచ్చిన పసివారు తిని, ఆడి, ఇండ్లకు మరలు వేళ వారి చేతిలో ఏమైనను పెట్టవలెనా, అక్కరలేదా అను ఘోర ధర్మసందేహము కొరకు. అట్లు పెట్టెడి వస్తువునకు లోకము రిటర్న్ గిఫ్టు అని నామకరణము చేసెను. ఆ కథ చెప్పెదను. సెల్‌ఫోనులు కట్టివేసి వినుడు.

కాలువ అవతల ఒకానొక వీధిలో, ఒక డాబాయింటి కింది వాటాలో రూబెన్ అను గుమాస్తా కాపురముండెను. కిక్కు కొట్టి కొట్టి కాలు నొచ్చిన గాని కదలని స్కూటరుపై అతడు నిత్యము పెదవేగికేగి, అచటి ఆఫీసులో పామాయిలు మొక్కల లెక్కలు వ్రాసి, సంధ్యవేళ ఇల్లు చేరెడివాడు. ఎవరేమనుకొందురో అను భయము తప్ప అన్యభయమెరుగని ధీరుడు. అతని ఇల్లాలు ప్రీతి. మాట మెత్తన, పట్టు ఉక్కు. వారి ఏకైక పుత్రిక పెర్సిస్‌కు రానున్న ఆదివారమునాడు ఆరేండ్లు నిండనుండెను.

అదే వీధిలో, మూడంతస్తుల మేడపై, కొల్లేటి చేపల చెరువులకు అధిపతియైన దుర్గారాజుగారి అర్ధాంగి, మత్స్యసామ్రాజ్ఞి, స్వర్ణకంకణభారావనతహస్త బేబీరాణి విరాజిల్లుచుండెను. గడచిన నెలలో తన కుమారుడు విక్కీ పుట్టినరోజున ఆమె వీధి పిల్లలందరికీ తలకొక బొమ్మల టిఫిను డబ్బాను, దానికి జతగా నీళ్ళ సీసాను దానము చేసెను. పుచ్చుకొన్న పిల్లలు గంతులు వేసిరి. తల్లులు మాత్రము తమ తమ పిల్లల పుట్టినరోజులు ఏ నెలలో వచ్చునో తలచుకొని నిట్టూర్చిరి.

ఆ తల్లులలో ఒకతె అమ్మాజీ. ఆమె మగడు సూర్రావు ఆ దుర్గారాజుగారి చెరువులలోనే మేత చల్లి వలలు లాగెడి కూలి. వీధి చివర ఒక్క గదిలో వారి నివాసము. వారి కూతురు దేవిక, పెర్సిస్ ఒకే తరగతి. దేవిక పుట్టినరోజున పెర్సిస్ కొత్త గౌను తొడుగుకొని పిలుపు లేకున్నను వారి గుమ్మము వరకు పోయి, మూసిన తలుపు చూచి, మొగము వేలవేసుకొని తిరిగి వచ్చెను.

మరునాడు మునిసిపల్ కుళాయి వద్ద ప్రీతి ఆ మాట ఎత్తెను.

"అమ్మాజీగారూ, నిన్న ఊళ్ళో లేరా ఏంటండీ? మా పిల్ల మీ తలుపు దాకా వచ్చి వెనక్కొచ్చింది."

అమ్మాజీ బిందె వైపే చూచుచు పలికెను. "ఊళ్ళోనే ఉన్నామండీ. లోపల గడేసుకుని కూర్చున్నాం."

"అయ్యో, ఎందుకండీ?"

"పిలిస్తే పిల్లలొస్తారండీ. చిన్న కేకు ఎలాగోలా కోయిస్తాం. వెళ్ళేటప్పుడు చేతిలో ఏం పెట్టమంటారు? మా పిల్ల ఆ మేడవాళ్ళింట్లో డబ్బా తెచ్చుకుంది కదండీ. పెర్సిస్ పాప తలుపు కొడుతుంటే మాది లోపల్నుంచి పలకబోయింది. నోరు మూసేశానండీ."

ఈ వాక్యము వినగానే ప్రీతి హృదయసాగరము సంక్షోభించెను, నేత్రములు అరుణిమ దాల్చెను, బిందె నిండి పొర్లి పాదములను తడుపుచున్నను ఆమెకు తెలియలేదు. వెనుక వరుసలోని బిందెలన్నియు సాక్షులై నిలువగా ఆమె భీషణ ప్రతిజ్ఞ చేసెను.

"చూడండి, మా పెర్సిస్ పుట్టినరోజుకి ఎవ్వరికీ ఏమీ ఇవ్వం. పిల్లలొస్తారు, తింటారు, వెళ్తారు. మీ దేవికని తప్పకుండా తీసుకురావాలి. మాటిస్తున్నానండీ."

ఆ సాయంకాలము భర్తకును ఆ సంగతి విన్నవించెను. రూబెన్ ధర్మమంతయు విని, తల ఊపి, "నువ్వన్నది న్యాయమే" అనెను. పిమ్మట, "కానీ మనం లేనోళ్ళం అనుకుంటారేమోనే" అనెను.

"అనుకోనివ్వండి."

"సరే" అనెను వీరుడు. అయినను అది ఒప్పుకొన్న సరే కాదు, వాయిదా వేసిన సరే.

అంతలో శత్రుపక్షమునుండి రాయబారము వచ్చెను. బేబీరాణి స్వయముగా విచ్చేసి, ప్లాస్టిక్ కుర్చీని పావనము చేసి, టీ పుచ్చుకొని, తేనెలో ముంచిన శరమును సంధించెను.

"ఏవండీ ప్రీతిగారూ, ఈసారి రిటర్న్ గిఫ్టు ఏమనుకుంటున్నారండీ? మా విక్కీ ఒకటే అడుగుతున్నాడు."

"ఏమీ అనుకోవట్లేదండీ. ఇవ్వట్లేదు."

బేబీరాణి కప్పు దించి, జాలితో తల పంకించెను. "అయ్యో, పర్లేదండీ. అందరికీ అన్ని రోజులూ ఒకేలా ఉండవు కదండీ."

ఆ శరము ప్రీతిని తాకి, ఆమె కవచమునకు తగిలి, చప్పగా కింద పడెను. కాని లోపలి గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకొనుచున్న రూబెన్ గుండెలో సూటిగా దిగబడెను. ఇస్త్రీపెట్టె చేతబట్టి అతడు మనసులోనే గర్జించెను: "ఓరీ రూబెనూ! నీ తాత మిషను బడిలో అక్షరములు నేర్పి వందలమందిని మనుషులను చేసెనే! నీ ఇంటి గుమ్మమునుండి పసివారు రిక్తహస్తములతో వెడలుటయా? చేపల మేడ ముందు నీ మెడ వంగుటయా? ఎన్నటికిని కాదు!" ఈ గర్జన ముగియునప్పటికి చొక్కా జేబు కాలిపోయెను.

రెండు దినములకు ఆఫీసు పనిపై అతడు తాడేపల్లిగూడెము వెళ్ళవలసి వచ్చెను. పని ముగించి, ఉల్లిపాయల బస్తాలు పర్వతములవలె నిలిచిన బజారులలో సంచరించి, ఒక ఫ్యాన్సీ సామానుల హోల్‌సేలు దుకాణము చొచ్చెను. యజమాని బాపిరాజు అనువాడు ఎదురువచ్చెను.

"పిల్లలకి పంచాలండీ. ఘనంగా ఉండాలి. కానీ... మరీ ఘనంగా అక్కర్లేదు."

బాపిరాజు ఆ వాక్యములోని గుమాస్తా జీతమును తక్షణమే గ్రహించి, లోపలినుండి ఒక సంచి తెచ్చెను. అందులో తీర్థాలలో అమ్మెడి ప్లాస్టిక్ పీకలు! ఎరుపు, నీలి, పసుపు రంగులవి, మూరెడు పొడవు గలవి. ఒకటి తీసి ఊదెను. బజారులో నిద్రించుచున్న కుక్క లేచి పారిపోయెను.

"పట్టుకెళ్ళండి సార్. పిల్లల చేతికిస్తే ఇంక చచ్చినా వదలరు."

హా! ఆ మాటను హెచ్చరికగా కాక పొగడ్తగా తలచి, రూబెన్ సంచిని భుజమున వేసుకొని, ప్యాసింజరు రైలులో నిలిచి వచ్చి, భార్య వంటయింట ఉన్న సమయమున దానిని పడకగదిలోని మంచము కింద, పాత దుప్పటి మాటున దాచెను. కేకు కోసిన పిమ్మట అందరి ఎదుట తీసినచో భార్య కాదనలేదని అతని వ్యూహము.

ఆదివారము వచ్చెను. బెలూన్లు తోరణములై వ్రేలాడెను. పేరులో ఒక అక్షరము జారిపోయిన కేకు బల్లపై కూర్చుండెను. ప్రభావతి, నిర్మల మొదలగు వీధి తల్లులు తమ సంతానముతో వచ్చిరి. బేబీరాణి విక్కీతో వచ్చి ఫ్యాను కింది కుర్చీని ఆక్రమించెను. అన్నిటికంటె చివర, వచ్చుటయా మానుటయా అని వీధిలో రెండుమారులు ఆగి ఆగి, దేవిక చేయి పట్టుకొని అమ్మాజీ వచ్చెను. ప్రీతి ఎదురేగి దేవికను పెర్సిస్ పక్కనే నిలిపెను. ఆ ఇద్దరు పిల్లలు వెంటనే ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుట మొదలిడిరి.

కేకు కోయుటకు ముందు ప్రార్థన. ప్రార్థనకు పాస్టరు సత్యానందముగారు. ఆయన ప్రార్థన గోదావరి వంటిది. మొదలు కనబడును, అవతలి గట్టు కనబడదు. పెర్సిస్ చదువుతో ఆరంభించి, రూబెన్ ప్రమోషను మీదుగా, పెదవేగి పంటలను, దేశ నాయకులను, ఏలూరు రోడ్లను వరుసగా దీవించుచు ఆయన సాగిపోవుచుండగా, అందరును కన్నులు మూసియుండగా, ఒక్కడు మాత్రము కన్నులు తెరచెను. వాడు విక్కీ. రిటర్న్ గిఫ్టులు లేవని తల్లి చెప్పినను నమ్మని అన్వేషకుడు. నేలపై పాకి, పడకగది చొచ్చి, మంచము కింద దూరి, దుప్పటి తొలగించి, నిధిని కనుగొనెను.

ఒక పీక మ్రోగెను.

పాస్టరుగారు ఆగలేదు. రెండవది మ్రోగెను. పిల్లలందరును తటాలున లేచి, గట్టు తెగిన చేపల చెరువువలె పడకగదిలోనికి పారిరి. మరుక్షణమున ఆ ఇంట యుద్ధభూమిలో శంఖములు పూరించిన చందమున సకల పీకలు ఏకకాలమున భోరుమనెను. గోడలు కంపించెను. పైవాటాలో కుక్కరు కూతపెట్టినను ఎవరికి వినబడలేదు. "ఈ ధ్వనులన్నియు నీ స్తుతికే చెల్లును గాక, ఆమెన్!" అని పాస్టరుగారు ఏలూరు రోడ్ల వద్దనే అర్ధాంతరముగా ప్రార్థన ముగించెను. ఆయన పరిచర్యలో ఇది మొదటిసారి.

ప్రీతి భర్త వైపు తిరిగెను.

"ఏవండీ, ఇవేంటండీ?"

"పీకలు."

"పీకలని నాకూ తెలుస్తోంది. నేను గిఫ్టులు వద్దన్నాను కదా!"

"గిఫ్టులు వద్దన్నావు. ఇవి గిఫ్టులేంటి, పీకలు."

ఆమె చూపు గుమ్మము వైపు మరలెను. అచట అమ్మాజీ నిలిచియుండెను. దేవిక నోట నీలి పీక. ఆ పసిదాని మొగమున ఎంత ఆనందమో తల్లి మొగమున అంత చీకటి. "ఏమీ ఇవ్వనన్నారు కదండీ" అని మాత్రము మెల్లగా అనెను. ఆ ధ్వనిప్రళయములోను ప్రీతికి ఆ ఒక్క మాట స్పష్టముగా వినబడెను. ఆమె తల వాలిపోయెను. రూబెన్‌కు అప్పటికి గాని తాను ఎవరిని ఓడించెనో అర్థము కాలేదు.

కేకు తినిరి, గారెలు తినిరి, పీకలు ఊదిరి. తినునప్పుడు కూడ ఊదిరి. సెలవు పుచ్చుకొను వేళ అయ్యెను. అప్పుడు ప్రభావతి, రెండు చెవులకు రెండు చేతులు చాలని అవస్థలో, ముందుకు వచ్చి తన కొడుకు చేతినుండి పీకను లాగి స్టూలుపై పెట్టెను.

"ఏమీ అనుకోకండి ప్రీతిగారూ. మా మామగారికి బీపీ అండీ. ఇది ఇక్కడే ఉంచెయ్యండి."

దారి దొరికెను! "మావాడికి రేపు యూనిట్ టెస్టండీ" అనుచు నిర్మల రెండవ పీకను సమర్పించెను. "మా ఓనరుగారు కింద వాటాలోనే ఉంటారండీ" అని ఇంకొకతె. పిల్లలు ఆక్రందించిరి, నేలపై పొర్లిరి, తల్లుల చీరకుచ్చిళ్ళు పట్టి లాగిరి. అయినను పీకలు ఒకటొకటిగా స్టూలుపై కుప్పపడెను. రిటర్న్ గిఫ్టులు రిటర్నగుట ఏలూరు చరిత్రలో అదియే ప్రథమము.

అమ్మాజీ ఆ కుప్పను చూచెను. దేవిక నోటినుండి నీలి పీకను తీసి అందులో వేయుచు అనెను. "మాకున్నది ఒక్క గదేనండీ. ఇది ఊదితే ఆయనా నేనూ చెరువుగట్టున పడుకోవాలి."

అందరును ఫక్కున నవ్విరి. అమ్మాజీ కూడ నవ్వెను. తమ ఒక్క గది సంగతిని నలుగురిలో తల ఎత్తి ఆమె చెప్పుట ప్రీతి ఎన్నడు వినలేదు.

మిగిలినది విక్కీ పీక. చూపులన్నియు బేబీరాణిపై వాలెను. ఆమెయు చేయి చాచెను, కాని నడుమనే అభిమానము అడ్డుపడెను. అందరివలె తానును తిరిగి ఇచ్చుటయా? "మా ఇల్లు పెద్దదండీ. మాకేం ఇబ్బంది లేదు" అని మందహాసము చేసి, పుత్రుని, పీకను వెంటబెట్టుకొని నిష్క్రమించెను.

హతవిధీ! పాలరాతి నేల, ఎత్తైన కప్పు గల ఆ మేడలో ఒక్క పీక పది పీకలై ప్రతిధ్వనించెను. విక్కీ లేవగానే ఊదెను, స్నానమున ఊదెను, మెట్లపై ఊదెను. దుర్గారాజుగారు హౌరా చేపల వర్తకునితో ఫోనులో బేరము కుదుర్చుకొను కీలక ఘడియలో చెవి పక్కనే ఊదెను. అవతలివాడు ఫోను పెట్టివేసెను. "ఎవరిచ్చారే వీడికా పీక!" అని ఆయన వేసిన కేక వీధి చివరి అమ్మాజీ గది వరకు వినబడెను. పీకను దాచినచో విక్కీ అన్నము మానెను. ఇచ్చినచో ఇల్లు మానవలసి వచ్చెను.

ఆ వారము తిరగకుండగనే బేబీరాణి, కన్నుల కింద నలుపుతో, ప్రీతి గేటు వద్ద నిలిచెను.

"ప్రీతిగారూ, నేనొకటి అనుకున్నానండీ. అసలు ఈ రిటర్న్ గిఫ్టులు అవీ ఎందుకండీ? పిల్లలకి ఆశ నేర్పడం కాకపోతే! మన వీధిలో ఎవ్వరం ఇవ్వొద్దండీ. అందరికీ నేనే చెప్తాను."

ప్రీతి నాలుక చివర నాలుగు వాక్యములు అంబులవలె లేచి నిలిచెను. ఈ సమరమంతటిలో అత్యంత పరాక్రమము ఆమె ఇప్పుడే చూపెను: ఆ నాలుగింటిని మింగెను.

"భలే ఆలోచనండీ. మాకు తట్టనే లేదు."

ఈ వార్త తెలిసి అమ్మాజీ, తేదీ దాటిపోయినదని ఎంచక, తరువాతి ఆదివారమునాడే దేవిక పుట్టినరోజు చేసెను. గది చాలక వీధిలోనే చెరువుల పనిలో వాడెడి టార్పాలిను పరచెను. రూబెన్ కుర్చీలు మోసెను. ఎవరును అడుగకుండనే మోసెను. అరచేయంత కేకు, గిన్నెడు సేమ్యా పాయసము. పెర్సిస్ మొదటి వరుసలో కూర్చుండి మూడుమారులు వేయించుకొనెను.

పిల్లలు వెడలు వేళ విక్కీ అమ్మాజీ ఎదుట నిలిచి, చేయి చాచి, బిగ్గరగా అడిగెను. "ఆంటీ, మరి మాకేం ఇస్తారు?"

అమ్మాజీ మొగము పాలిపోయెను. అంతలో కంకణములు ఘల్లుమన మెరుపువలె ఒక హస్తము వచ్చి విక్కీ నోటిని మూసెను. అది బేబీరాణి హస్తము.

"నోర్ముయ్. మన వీధిలో ఎవరూ ఏమీ ఇవ్వరు. తెలీదా?" అని కొడుకును గదిమి, అమ్మాజీ వైపు తిరిగి, కొంచెము తడబడి, "పాయసం బావుందండీ" అనెను.

పక్క వీధిలో అదే వారమున ఎవరో పిల్లలందరికీ స్కూలు సంచులు పంచిరని వినికిడి. అయిననేమి! ఇచట, ఈ ఒక్క వీధిలో, మునిసిపల్ కుళాయి మొదలు సూర్రావు గది వరకు గల ఈ యావత్ భూమండలమున, ఆ సాయంకాలము పసివారందరును పాయసము అంటిన వేళ్ళు నాకుకొనుచు, ఉత్త చేతులతో, ఎవరికి ఎవరును బాకీపడక ఇండ్లకు చేరిరి. జయము! జయము! దిగ్విజయము!